నిరుటి బరువు

డిసెంబర్ 14

అందరూ లిఫ్టెక్కి పైకెళ్ళిపోయారు. మళ్ళీ మధ్యాహ్నం దాకా షెడ్డులో నేనూ, పొయ్యీ, మైనం వాసనా. రాసుకోవడానికి ఇంతకంటే మంచి వేళ దొరకదు.

స్కీలు అద్దెకు తీసుకునే జనం రెండు విషయాల్లో అబద్ధం చెబుతారు. ఆడవాళ్ళు బరువు తగ్గించి చెబుతారు. మగవాళ్ళు రాని ఆట వచ్చంటారు. ఇవాళ అల్మాటీ నుంచి ఒక జంట వచ్చింది. ఆవిడ యాభై అయిదు కిలోలంది. నేను ఆవిడ వైపు చూశాను, మూలనున్న తూకం మిషన్ వైపు చూశాను. "అమ్మగారూ, ఈ అంకె మీ ఆయన కోసం కాదు, మీ కాలి కోసం" అన్నాను. ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు కానీ నిజం చెప్పింది.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగు బరువుని బట్టి బిగించాలి. మరీ వదులైతే స్కీ ఊరికే ఊడిపోతుంది. మరీ బిగుతైతే ఊడాల్సినప్పుడు ఊడదు. మొదటిదానికి మొహం పగులుతుంది, రెండోదానికి మోకాలు పోతుంది. ఈ మాట రోజుకి ఎంతమందికి చెబుతానో లెక్కలేదు.

మొన్నటి పోటీ గురించి రాయకూడదనుకున్నాను. మా అమ్మాయి జిబెక్ స్కీ ఊడింది. సగం దారిలో, నున్నటి ఐసు మీద దారి గుర్తుకి పాతిన జెండా చుట్టూ తిరుగుతుంటే ఎడమ స్కీ ఊడి దాని దారిన అది పోయింది, పిల్ల పక్కన కట్టిన రక్షణ వల దాకా జారింది. ఏమీ విరగలేదు. ఇలాంటివి అవుతుంటాయన్నాడు కోచ్ వలేరి. నేను బైండింగు అంకె బరువుల చార్టు ప్రకారమే పెట్టాను.

డిసెంబర్ 15

టీ దగ్గర మా మామగారు మొదలుపెట్టారు. కోక్-బోరు ఆటలో మేక కోసం గుర్రాల మీద పెనుగులాడి వయసంతా గడిపిన మనిషి. ఆయనకి లోకంలో రెండే రకాల వాళ్ళు: జీను మీద ఉన్నవాళ్ళు, కింద పడ్డవాళ్ళు.

"మన ఇంట్లో గుర్రం మీంచి పడ్డ మొదటి మనిషివి నువ్వేనే" అన్నారు జిబెక్‌తో.

"అది గుర్రం కాదు తాతా, స్కీ."

"ఏదైతేనేం? నువ్వేమో కింద. అదేమో నిన్నొదిలేసి షికారు."

అందరం నవ్వాం. జిబెక్ కూడా నవ్వింది. నూనెలో వేయించిన బోర్సోక్ ముక్క కొరికింది మాత్రం గిన్నె అంచున అలాగే పెట్టి లేచిపోయింది. బజార్లో చల్లటి సేమ్యా వంటకం అష్‌లాన్‌ఫు అమ్మే ఆవిడ కూడా నన్ను ఆపి, "మీ అమ్మాయి గుర్రం పారిపోయిందట కదా?" అంది. ఈ కారకోల్లో కబురుకి లిఫ్టు అక్కర్లేదు.

డిసెంబర్ 18

"అమ్మా, నా బైండింగు ఇంకాస్త బిగించు."

"చార్టు ప్రకారం పెట్టాను."

"మా జట్టులో అందరూ బిగించుకుంటారు. అయిదాన అయితే స్క్రూ చివరిదాకా తిప్పేసింది. మనం గుర్రాల వాళ్ళం, ఊడిపోతే నవ్వరా అంటోంది."

"అయిదాన మోకాలి సంగతి వాళ్ళమ్మ చూసుకుంటుంది."

"అవునులే. నీ మోకాలు పోయిందని ఊళ్ళో ఎవరి కాలూ గట్టిగా ఉండకూడదు."

పదహారేళ్ళకి నోరు ఇలాగే ఉంటుంది కాబోలు. పళ్ళాలు తియ్యమన్నాను. తీసింది. చప్పుడు చేస్తూ తీసింది.

నా మోకాలు పోయిన రోజు స్కీ ఊడలేదు. వెనక్కి కూర్చుండిపోయాను. జారుతూనే లేవబోయాను. స్కీ పక్కకి తిరిగింది, పాదం దాంతో పాటు తిరిగింది, నేను తిరగలేదు. ఆ చప్పుడు నాకొక్కదానికే వినిపించింది. అప్పటినుంచి నా స్కీలు షెడ్డులో పైన దూలాల మీద ఉన్నాయి. టైము దొరకడం లేదు, అంతే.

డిసెంబర్ 19

చార్టు ప్రకారమే ఉంది. మళ్ళీ చూశాను.

డిసెంబర్ 22

జిబెక్ స్కీలకి మైనం పూస్తుంటే చూశాను. బైండింగు మీది చిన్న కిటికీలో అంకె మారింది. నేను పెట్టింది అయిదు. ఇప్పుడు ఏడు, అంటే ఇంకా బిగుతు. పాత స్ప్రింగు కదా, దానంతటదే కదిలిందేమో.

స్ప్రింగులు వాటంతటవి కదలవు. మళ్ళీ అయిదుకి తిప్పేశాను. దాన్నేమీ అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతుంది. పిల్లచేత అబద్ధం చెప్పించడం ఎందుకు?

డిసెంబర్ 24

ఏడు. అయిదు చేశాను.

డిసెంబర్ 25

ఏడున్నర. అయిదు.

డిసెంబర్ 27

బిష్కెక్ నుంచి ఒక ఆఫీసు వాళ్ళంతా వచ్చారు. ఒక్కరికీ స్కీ రాదు. వాళ్ళకి పడటం నేర్పించాను. నా ఉద్యోగంలో నాకు ఇష్టమైన పని ఇదే. షెడ్డు వెనకాల మెత్తటి మంచులో, స్కీలు లేకుండా, ఉత్త బూట్లతో.

ముందు ఒళ్ళు వేడెక్కేదాకా గెంతించాను. అప్పుడు మొదలుపెట్టాను. "చెయ్యి ఆనించొద్దు, మణికట్టు పోతుంది. పక్కకి, తుంటి మీద పడండి. దేవుడు అక్కడ కండ పెట్టింది ఊరికే కాదు. వెనక్కి కూర్చోవద్దు. పడ్డాక పూర్తిగా ఆగేదాకా లేవొద్దు. లేచి ఏం చేస్తారు, పోతూనే ఉంటారుగా?"

వాళ్ళ పెద్దసారు భారీ మనిషి. "ఇంత చదువు చదివి చివరికి పడటం నేర్చుకుంటున్నామా?" అన్నాడు.

"రాకుండా పడేకంటే నేర్చుకుని పడటం నయం కదండీ" అన్నాను. పాపం, అందరికంటే బాగా పడ్డాడు.

అటుగా జిబెక్ జట్టు వెళ్తోంది. జిబెక్ ఆగి అందరికీ వినిపించేలా అంది: "బాగా నేర్చుకోండి. పడటంలో మా అమ్మని మించినవాళ్ళు లేరు. స్కీ ఎక్కకుండానే పడుతుంది." పిల్లలు నవ్వారు. ఆఫీసు వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?

సాయంత్రం ఆ ఆఫీసు అమ్మాయి ఒకతె వాచిన బొటనవేలితో వచ్చింది. చేతికర్ర పట్టీ మణికట్టుకి తగిలించుకోవద్దని పొద్దున్నే చెప్పాను. కర్ర పారేసుకుంటానేమోనని తగిలించుకుందట. పడినప్పుడు కర్ర చేతిని వదల్లేదు, వేలు వెనక్కి విరిగినంత పనైంది. అదీ 'ఇంకొక్కసారి వెళ్ళొచ్చేద్దాం' అని కాళ్ళు లాగుతున్నా పైకెళ్ళినప్పుడే. దెబ్బలన్నీ ఆ ఇంకొక్కసారిలోనే ఉంటాయి.

మంచు కట్టుకట్టి పంపాను. తర్వాత బైండింగు చూశాను. ఏడున్నర. తిప్పేశాను. నా చెయ్యి కాస్త ఎక్కువే తిరిగిందేమో. నాలుగున్నర అయినా ఫరవాలేదు. చిన్నపిల్లకి చాలు.

జనవరి 2

కొత్త సంవత్సరం. గుర్రపు మాంసం, చుట్టాలు, టీవీ. మా ఆయన బెక్తూర్ మంచు చదును చేసే బండి నడుపుతాడు కాబట్టి పండగనాడు కూడా కొండ మీదే. ఇవాళ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నాడు.

"జిబెక్ ప్యాంటు చూశావా? చీలమండలు కనిపిస్తున్నాయి. కొత్తది కుట్టించాలి" అన్నాడు.

"వేడినీళ్ళలో ఉతికితే కుంచించుకుపోయింది."

"బూట్లు కూడా బిగుతట. వాటినీ ఉతికావా?"

ఈ మనిషి ఏడాదిలో నాలుగు మాటలు మాట్లాడతాడు, ఆ నాలుగూ ఇలాంటివే. మందం మేజోళ్ళు వేసుకుంటోంది, అందుకే బిగుతు అన్నాను. ఆయన నావైపు చూసి టీ కలుపుకున్నాడు. స్క్రూ సంగతి చెబుదామనుకుని మానేశాను. ఇది నాకూ దానికీ సంబంధించింది.

జనవరి 5

తిప్పాను.

జనవరి 7

తిప్పాను. ఇలా చేస్తే మంచిదే కదా, కనీసం కాలు భద్రంగా ఉంటుంది.

జనవరి 9

జిబెక్ మధ్యాహ్నమే షెడ్డుకి వచ్చింది. స్కీలు భుజాన ఉన్నాయి. ఎడమ చెంప మీద చర్మం గీరుకుపోయి ఎర్రగా ఉంది. స్కీలు బల్ల మీద పెట్టింది. విసరలేదు, పెట్టింది. అప్పుడే నాకు భయమేసింది.

"నిన్న నేను ఎనిమిది పెట్టా. ఇప్పుడు చూడు. నాలుగున్నర. ఎవరు తిప్పారు?"

"ఎనిమిది పెట్టడానికి నువ్వెవరు?"

"నువ్వేనన్నమాట."

"నీ కాలు..."

"నా కాలు సంగతి తర్వాత. ప్రాక్టీసులో మళ్ళీ ఊడింది. ఈసారి వల కూడా లేదు. ఫెన్సింగు కర్రకి జానెడు దూరంలో ఆగా. నువ్వు వదులు చేస్తావని నేను బిగిస్తున్నా. నేను బిగిస్తానని నువ్వు ఇంకా వదులు చేస్తున్నావు. రేపు జెండా దగ్గర తిరుగుతుంటే ఇది ఉంటుందో ఊడుతుందో నాకు తెలీదు. నీకు తెలుసా అమ్మా?"

నాకు తెలియదు.

ఇన్నాళ్ళు ఈ షెడ్డులో ఎవరెవరి కాళ్ళకో జాగ్రత్తలు చెప్పాను. నా సొంత పిల్ల ఏ అంకె మీద నిలబడి కొండ దిగుతోందో ఆ పిల్లకీ తెలియదు, నాకూ తెలియదు. చెంపకి మందు రాయబోతే తనే తీసుకుని రాసుకుంది.

జనవరి 10

టీ దగ్గర మామగారు దాని చెంప చూశారు.

"మళ్ళీ గుర్రం దిగావా?"

దానికి కళ్ళు నిండాయి. నాకు ఒళ్ళు మండింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన మాటకి ఎదురుచెప్పింది లేదు. టీ గిన్నె కింద పెట్టి అడిగేశాను.

"మామయ్యా, మీరు జీను రికాబులో పాదం ఎంతవరకు పెడతారు?"

"ఏంటా ప్రశ్న? వేళ్ళ వరకు."

"మడమ దాకా ఎందుకు తోయరు? ఇంకా గట్టిగా ఉంటుందిగా? గుర్రం మీంచి పడనే పడరు."

జవాబు నాకూ తెలుసు, ఈ లోయలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. గుర్రం మీంచి పడితే ఒళ్ళు నొప్పులు. పాదం రికాబులో ఇరుక్కుంటే గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది. ఆయన అన్న అలాగే పోయాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేను ఎత్తాను.

ఆయన టీ సగంలో వదిలేసి గుర్రపుశాలకి వెళ్ళిపోయారు. జిబెక్ నన్ను కొత్తగా చూసింది. నాకు మాత్రం నోరు కోసేసుకోవాలనిపించింది.

జనవరి 11

మామగారు పొద్దున్నే పాత జీను మోసుకుని షెడ్డుకి వచ్చారు. ఇంత చలికాలంలో ఆయన కొండ దాకా రావడం ఎప్పుడూ లేదు. జీను బల్ల మీద, జిబెక్ స్కీల పక్కన పెట్టారు. నన్ను దాటి వెళ్ళి మనవరాలిని పిలిచారు.

"ఇటు రా. పాదం పెట్టు. అంత లోపలికి కాదే, వేళ్ళు. ఆ. ఇప్పుడు లాగు. వచ్చిందా?"

"వచ్చింది."

"రావాలి. మా అన్న పాదం రాలేదు. కొత్త బూట్లు, లావు మడమ. ఊరంతా చూస్తుండగా గుర్రం ఈడ్చుకుపోయింది." రికాబు పట్టీ సర్దారు. "నిన్ను పడ్డావని ఏడిపించాను. తప్పు నాది. పడటం ఏముంది, నేను ఎన్నిసార్లు పడలేదు! మీ నానమ్మ ముందు కూడా పడ్డాను, అయినా చేసుకుంది."

జిబెక్ నవ్వింది. జీను మీద చెయ్యి తీయకుండా నావైపు తిరిగింది.

"సరే. ఎనిమిది వద్దు. చార్టు ప్రకారం పెడదాం. కానీ నా ముందు పెట్టు."

నేను చార్టు తీశాను. అది అడగకుండానే వెళ్ళి తూకం మిషన్ ఎక్కింది. బూట్లు విప్పి, కోటు తీసేసి, నిటారుగా నిలబడింది. ముల్లు కదిలి యాభై మూడు దగ్గర ఆగింది.

"నువ్వు ఎంత రాసుకున్నావు?"

మామగారు నావైపు చూశారు.

"నలభై ఆరు" అన్నాను.

"అది నిరుటిది కదమ్మా."

నిరుటిదే. నాకు తెలుసు. సీజను మొదట్లో దాన్ని తూకం ఎక్కమనలేదు. ప్యాంటు పొట్టిదైందని తెలుసు, బూటు బిగుతైందని తెలుసు, పక్కన నిలబడితే దాని భుజం నా భుజం దాటిందని తెలుసు. చార్టు ప్రకారమే పెట్టానని ఇన్ని రోజులు ఇందులో రాసుకున్నాను. చార్టు ప్రకారమే. ఉన్న పిల్లకి కాదు, నిరుటి పిల్లకి. డిసెంబర్లో దాన్ని కింద పడేసింది ఐసు కాదు, నేను. ఒక అంకె తక్కువైతే కాలు ఇంకాస్త భద్రం అనుకున్నాను. కాలొక్కటే చూశాను, దాని మీద మనిషి ఉందని చూడలేదు.

ఇదంతా పైకి చెప్పాను. ఇంత పొందికగా కాదు, ముక్కు చీదుకుంటూ. జిబెక్ మిషన్ దిగలేదు, అక్కడే నిలబడి విన్నది. తిడుతుందనుకున్నాను.

"అమ్మా, నువ్వు చెప్పిన ఆ అల్మాటీ ఆవిడైనా తన బరువే తగ్గించి చెప్పింది. నువ్వు నాది తగ్గించావు" అంది. కోపంగానే అంది, కానీ స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆరు. ఇద్దరం చూశాం. స్కీని బల్లకి బిగించి బూటు తొడిగాం. జిబెక్ చేత్తో మెల్లిగా వంచింది, పట్టింది. బలంగా మెలితిప్పింది, టక్కున ఊడింది. మళ్ళీ మళ్ళీ చేసింది. మామగారు కూడా ఒకసారి చేశారు.

"మంచి రికాబే" అన్నారు.

జనవరి 14

అంకె ఆరు. ఎవరూ తిప్పలేదు.

జనవరి 15

ఆరు.

జనవరి 16

ఇక చూడనని అనుకున్నాను. చూశాను. ఆరే.

జనవరి 25

పోటీ. అదే కొండ, అదే ఐసు. వలేరి పొద్దున్న పిల్లల్ని చాలాసేపు గెంతించాడు, ఒకళ్ళిద్దరు విసుక్కున్నారు. నేను కింద ముగింపు గీత దగ్గర నిలబడ్డాను. పక్కన మామగారు పెద్ద టోపీతో. బెక్తూర్ తన బండి మీంచి చూస్తున్నాడు.

డిసెంబర్లో స్కీ ఊడిన జెండా దగ్గరికి జిబెక్ రాగానే నాకు ఎడమ మోకాలు లాగింది. ఐసు మీద స్కీ గడగడలాడింది, పిల్ల ఒక కాలి మీదికి వచ్చింది, చెయ్యి గాలిలోకి లేచింది. ఊడుతుందనుకున్నాను. ఊడలేదు. పట్టింది. జిబెక్ సర్దుకుని తర్వాతి జెండా చుట్టూ తిరిగింది.

తొమ్మిదో స్థానం. మామగారు మాత్రం బంగారు పతకం వచ్చినట్టు టోపీ తీసి ఊపారు. "దిగలేదు! గుర్రం దిగలేదు!" అని అరుస్తుంటే జనమంతా తిరిగి చూశారు. జిబెక్ వచ్చి, "తాతా, పరువు తీయకు" అంది. ఆయన్ని గట్టిగా కౌగిలించుకుని మరీ అంది.

పోటీ అయ్యాక అయిదాన షెడ్డులోకి వచ్చింది. కాసేపు అటూ ఇటూ చూసి, తన స్కీలు బల్ల మీద పెట్టి, "అత్తా, నావి కూడా చూస్తారా? జిబెక్‌వి చూసినట్టే" అంది. బరువు ఎంత అని నేను అడగకముందే తూకం మిషన్ ఎక్కింది.

జనవరి 28

ఇవాళ జనం పల్చగా ఉన్నారు. నేను కత్తెర్లు, స్క్రూలు సర్దుకుంటుంటే పైన ఏదో చప్పుడైంది. జిబెక్ నిచ్చెన వేసుకుని దూలాల మీంచి నా స్కీలు దించుతోంది. వాటి మీది దుమ్ముకి తుమ్మింది.

"ఏంటే ఇది? నాకు పనుంది."

"జనం లేరు. పని లేదు. బరువెంత?"

చెప్పాను.

నన్ను పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత మూలనున్న తూకం మిషన్ వైపు చూసింది. "అమ్మగారూ, ఈ అంకె మీ ఆయన కోసం కాదు" అంది.

దొంగపిల్ల. నా మాట నాకే.

ఎక్కాను. ముల్లు నేను చెప్పినదాన్ని దాటి చాలా దూరం వెళ్ళింది. అది నవ్వలేదు. చార్టు మీద వేలు పెట్టి వెతికింది. ఒళ్ళు చేశాను కదా అని అంకె పెంచుతుందనుకుంటే, ఇంకో వరుసలోకి మార్చి అంకె దించింది.

"అదేంటి, తగ్గించావు?"

"వయసు కూడా చూడాలిగా. ఇక్కడ రాసుంది. చదువుకున్నదానివి నువ్వే కదా."

బైండింగు బిగించింది. స్కీని బల్లకి పెట్టి బూటు తొడిగి మెలితిప్పింది. ఊడింది. నన్ను తిప్పమంది. నేను తిప్పినా ఊడింది. ఇంకోసారి తిప్పాను. ఇంకోసారి. ఎన్నిసార్లు తిప్పానో, అది నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"భయంగా ఉందా?"

"ఉంది."

"ఉండనీ. ముందు గెంతు, ఒళ్ళు వేడెక్కాలి."

షెడ్డు ముందు మంచులో ఇద్దరం గెంతాం. బెక్తూర్ దూరం నుంచి చూసి హారన్ కొట్టాడు. నేర్చుకునేవాళ్ళ చిన్న వాలుకే వెళ్ళాం, అయినా పై నుంచి చూస్తే నాకు అది లోయలా కనిపించింది. జిబెక్ నా ముందు వెనక్కి తిరిగి జారుతూ, "వెనక్కి కూర్చోకు, వెనక్కి కూర్చోకు" అంటూనే ఉంది. కూర్చోలేదు. మూడో మలుపు దగ్గర స్కీ అంచు మంచులో తట్టుకుని పడ్డాను. పక్కకి, తుంటి మీద. ఆగేదాకా లేవలేదు.

స్కీ ఊడింది.